రోజా పార్క్స్ వెనుక ఎవరున్నారు?

రోజా పార్క్స్ పేరు వస్తే మనం చెప్పుకునే కథ ఒక్కటే. పని చేసి అలసిపోయిన ఒక నల్లజాతి మహిళ బస్సులో సీటు వదలనన్నది, దాంతో ఉద్యమం రాజుకుంది. ఈ కథ విన్నప్పుడల్లా నాకు మనసు కష్టంగా ఉంటుంది. ఎందరో ఏళ్ల తరబడి పడిన శ్రమ ఇందులో ఒక సాయంత్రపు అలసటగా మిగిలిపోతుంది. పార్క్స్ 1943 నుంచే పౌరహక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీలో పనిచేస్తున్న కార్యకర్త.

అప్పట్లో అమెరికాలోని అలబామా రాష్ట్ర రాజధాని మాంట్‌గామరీలో బస్సు ముందు భాగంలోని పది సీట్లు తెల్లవారివి. అవి ఖాళీగా ఉన్నా నల్లవారు నిలబడే ప్రయాణించాలి. ముందు తలుపు దగ్గర డబ్బులు కట్టి, కిందికి దిగి, వెనుక తలుపు నుంచి ఎక్కాలి. వాళ్లు అక్కడికి చేరేలోపే బస్సు కదిలించేసే డ్రైవర్లూ ఉండేవారు. డబ్బులూ పోయేవి, బస్సూ పోయేది.

1955 డిసెంబరు 1న పార్క్స్ అరెస్టయ్యారు. ఆ రాత్రే జో ఆన్ రాబిన్సన్ అనే ఇంగ్లిష్ అధ్యాపకురాలు తాను పాఠాలు చెప్పే కళాశాలకు వెళ్లి, ఒక సహోద్యోగి, ఇద్దరు విద్యార్థుల సాయంతో సైక్లోస్టైల్ యంత్రం మీద వేలాది కరపత్రాలు తీశారు. సోమవారం ఎవరూ బస్సెక్కవద్దని వాటిలో రాశారు. ఇది అప్పటికప్పుడు పుట్టిన ఆలోచన కాదు. బహిష్కరణ తప్పకపోవచ్చని 1954 మేలోనే ఆమె మేయరుకు లేఖ రాశారు. 26 ఏళ్ల మార్టిన్ లూథర్ కింగ్‌ను నాయకుడిగా ఎన్నుకున్నది సోమవారం మధ్యాహ్నం. ఆ ఉదయం నుంచే బస్సులు ఖాళీగా తిరుగుతున్నాయి.

బస్సుల బహిష్కరణ ఆ ఒక్క రోజుతో ఆగలేదు, 381 రోజులు సాగింది. దాదాపు మూడు వందల సొంత కార్లు వేళలు పెట్టుకుని జనాన్ని పనికి చేరవేశాయి. జార్జియా గిల్మోర్ అనే వంటావిడ ఉద్యోగం పోగొట్టుకుని కూడా వెనక్కి తగ్గలేదు. కేకులు, భోజనాలు అమ్మి పెట్రోలుకు డబ్బులు పోగుచేశారు. నా దృష్టిలో కింగ్ ప్రసంగాలకు ఏమాత్రం తీసిపోని పని ఇది. 1956 నవంబరు 13న స్థానిక కోర్టు ఈ కార్ల ఏర్పాటును నిషేధించింది. బస్సుల్లో వివక్ష చెల్లదన్న తీర్పును సుప్రీంకోర్టు ఖరారు చేసింది కూడా ఆ రోజే. ఉత్తర్వు మాంట్‌గామరీకి చేరేసరికి డిసెంబరు 20 అయింది. అంతవరకూ వాళ్లు నడిచారు.

ఆ సుప్రీంకోర్టు తీర్పుకు దారితీసిన కేసు వేసిన నలుగురు మహిళల్లో పార్క్స్ లేరు, క్లాడెట్ కాల్విన్ ఉన్నారు. పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే, పదిహేనేళ్ల వయసులో, సీటు వదలనన్నందుకు పోలీసులు ఆమెను బస్సులోంచి లాక్కెళ్లారు. చిన్నపిల్ల అని, పైగా తర్వాత గర్భవతి అయిందని పెద్దలు ఆమెను ఉద్యమానికి ముఖంగా నిలబెట్టలేదు. అయినా కోర్టులో సాక్ష్యం చెప్పింది. ఆ అరెస్టు తాలూకు రికార్డును 2021లో కోర్టు తొలగించింది. అప్పటికి ఆమెకు 82 ఏళ్లు.