బావ చెవిలో బావి

మా బావకు ఈత వచ్చు. ఆ సంగతి ఆయన చెప్పగా విననివాడు కర్నూల్లో లేడు. ఆయన ఊరు నందికొట్కూరు పక్కన, కేసీ కాలువ (కర్నూలు-కడప కాలువ) కింద. 1860ల్లో తెల్లోళ్ళ కంపెనీ ఆ కాలువను పైర్లకే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వించింది. అందుకని "పడవలు తిరిగిన నీళ్ళల్లో పెరిగినోణ్ణప్పా నేను" అంటుంటాడు, ఆ పడవలు తానే నడిపినట్టు.

శ్రావణంలో కాలువ పారింది, ఊర్లో బావి నిండింది. పిల్లల ముందర గొప్పకు పోయి గట్టు మీద నుంచి పల్టీ కొట్టినాడు. దూకడం బాగానే దూకినాడు. పైకొచ్చినాక తల ఒక పక్కకు వంచి, చెవి మీద అరచేత్తో కొట్టుకుంటా ఒంటికాలి మీద గట్టంతా గెంతినాడు. పిల్లలకు పల్టీ కన్నా ఇదే నచ్చింది. మళ్ళీ చెయ్యమని ఒకటే గోల.

మర్నాడు చెవిలో దురద. దురద పుట్టిన చెవిలో ఏదీ పెట్టకుండా ఉండాలంటే యోగి అయ్యుండాలి. మా బావ దగ్గర స్కూటర్ తాళంచెవి ఉంది. దాన్ని అసలు చెవిలో పెట్టి, కళ్ళు సగం మూసి, మెల్లగా తిప్పుతుంటే ఆ ముఖంలో సుఖం చూడాల్సిందే. రెండు దినాలకు సుఖం పోయి సలుపు మిగిలింది. ముద్ద నమిలితే నొప్పి, ఆవులిస్తే నొప్పి.

కంటికీ గుండెకూ డాక్టర్లుంటారు గానీ చెవికి మన ఇండ్లల్లో అందరూ డాక్టర్లే. పక్కింటాయన కోడి ఈక తెచ్చిచ్చినాడు. మార్కెట్ యార్డు స్నేహితుడు ఉల్లిగడ్డ రసం పిండమన్నాడు; కాలు బెణికినా ఆయన చెప్పేది అదే. ఆఖరికి మా అక్క అత్తగారు నువ్వుల నూనెలో ఎల్లిగడ్డ కాచి, గోరువెచ్చగా పోసేసింది. సాయంత్రానికి చెవి పూర్తిగా మూసుకుపోయింది.

వినపడ్డం లేదని ఒప్పుకోవడం నామోషీ కదా, ఎవరేమడిగినా "ఊ" అనడం మొదలుపెట్టినాడు. ఆ ఊ-ల్లో మా అక్కకు గద్వాల చీర వచ్చింది. చిన్నోడికి సైకిల్ కొనిస్తానన్న మాట దొరికింది. "మా తమ్ముడు దసరా దాకా ఈడే ఉంటాడంట" అన్నదానికీ "ఊ" అన్నాడు. నేను ఇది రాస్తున్నది ఆ ఊ పుణ్యాన దొరికిన మంచం మీదే.

చీర బిల్లు చేతికొచ్చినాక గానీ బావ చెవి డాక్టరు దగ్గరికి కదల్లేదు.

డాక్టరు ముందుగా చెవి తమ్మె పట్టుకుని కాస్త లాగినాడు. ఆ కేకకు బయట టోకెన్లు పట్టుకున్నోళ్ళల్లో ఇద్దరు లేచి నిలబడినారు. "లాగితే ఇంత నొప్పుందంటే జబ్బు కర్ణభేరికి ఇవతలే సార్, గొట్టంలో. ఉండేదే రెండున్నర సెంటీమీటర్లు, అదీ వంకర. నీళ్ళు చేరితే తొందరగా ఆరవు" అన్నాడు. మనం చెత్త అనుకునే గుబిలి చెవికి కాపలా అంట. దానికి కొద్దిగా పులుపు గుణం, దాంతో క్రిములు పెరగవు. నీళ్ళు చర్మానికి అంటకుండా కూడా చూస్తుంది. "దాన్ని మీరు గీకి పారేసినారు, నానిన చర్మం చీరుకుపోయింది. సూడోమోనాస్ అని, తేమ కనిపిస్తే చాలు, పండగ చేసుకునే బ్యాక్టీరియా ఒకటుంది. ఇంతకూ దేంతో గీకినారు?"

బావ జేబు మీద చెయ్యి వేసుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

షుగరుందా అని అడిగినాడు. లేదు. ఉన్నోళ్ళకు ఇది ముదిరితే ఎముక దాకా పాకుతుందంట. తర్వాత చిన్న మిషన్‌తో చెవి శుభ్రం చేస్తుంటే ఎల్లిగడ్డ ముక్క బయటపడింది. "పోపు ఎవరు పెట్టింది సార్?" అన్నాడు డాక్టరు, నవ్వకుండా. గొట్టం వాచి మందు లోపలికి పోదని సన్నటి వత్తి కూడా దూర్చినాడు. నూనె పెద్దామె పోసింది, వత్తి డాక్టరు పెట్టినాడు, ఇంక అగ్గిపుల్ల ఒక్కటే తక్కువ.

సిప్రోఫ్లాక్సాసిన్‌తో పాటు వాపు తగ్గించే మందు కలిసిన చుక్కలు రాసిచ్చినాడు. చల్లగా వేస్తే తల తిరుగుతుంది, సీసా కాసేపు గుప్పిట్లో పట్టుకుని వెయ్యాల. స్నానానికి వాసెలిన్ రాసిన దూది. తగ్గేదాకా బావి వైపు పోగూడదు, చెవిలో ఏదీ పెట్టగూడదు. చుక్కలు వేసినాక జబ్బు చెవి పైకి పెట్టి ఐదు నిమిషాలు పక్కకు పడుకోవాల.

జబ్బు చెవి పైకంటే, మంచి చెవి దిండులోకి. కరెంటు బిల్లు, గ్యాస్ బండ, సైకిల్ ఎప్పుడు కొంటావని చిన్నోడి ఏడుపు — ఏదీ వినపడదు. పెండ్లైన ఇన్నేళ్ళల్లో అంత ప్రశాంతమైన ముఖం మేం చూడలేదు. వారంలో నొప్పి పోయింది, వాపు తీసింది, వత్తి కూడా బయటికొచ్చింది. ఐదు నిమిషాలు మాత్రం అరగంట అయినాయి.

నిన్న మా అక్క దిండు పక్కన సీసా తీసి ఊపి చూసింది. చుక్క లేదు.

"ఏమయ్యా, ఇది అయిపోయి ఎన్ని దినాలైంది?"

"ఊ" అన్నాడు బావ.