స్లాబు దాకా సర్కారు డబ్బు.. ఆ తర్వాత?

ప్రభుత్వ ఇళ్ల పథకంలో డబ్బు ఎలా కదులుతుందో తెలుసుకోవడానికి బడ్జెట్ పుస్తకాలు తిరగేయక్కర్లేదు. హౌసింగ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఫోన్‌లో ఫొటోలు చూస్తే చాలు. బేస్‌మెంట్ అయ్యాక ఒక ఫొటో, గోడలు లేచాక ఒకటి, స్లాబు పడ్డాక మరొకటి. జియోట్యాగ్ అయిన, అంటే ఎక్కడ తీశారో నమోదైన ఫొటో పైకి వెళ్తేనే బిల్లు కిందికి వస్తుంది. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి ఇస్తున్న 5 లక్షలు ఇలా నాలుగు ముక్కలుగా పడతాయి. బేస్‌మెంట్‌కు లక్ష, గోడలకు 1.25 లక్షలు, స్లాబుకు 1.75 లక్షలు, అంతా పూర్తయ్యాక మిగిలిన లక్ష. ఆంధ్రప్రదేశ్‌లో జగనన్న కాలనీల ఇళ్లకు ఇచ్చిన 1.80 లక్షలూ ఇలా దశలవారీగానే వచ్చాయి.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి నడిచిన ఇందిరమ్మ పథకంలో కాగితాల మీదే లేచిన ఇళ్లు ఎన్నో తేల్చడానికి 2014లో తెలంగాణ ప్రభుత్వం సీఐడీ విచారణ వేయాల్సి వచ్చింది. కాబట్టి ఫొటో అడగడం తప్పు కాదు. అయితే ఫొటోలో పడేది సిమెంటూ ఇటుకలే. బేస్‌మెంట్ లేవకముందు ఆ కుటుంబం ఏం చేసి డబ్బు తెచ్చుకుందో, తాళాలు తీసుకున్నాక ఆ ఇంట్లో ఎన్నాళ్లు ఉండగలిగిందో అందులో ఉండదు. మన ఇళ్ల పథకాల డబ్బుకు కూడా ఈ రెండు చోట్లా చూపు లేదు. పేదవాడి ఇల్లు చెడేది ఎక్కువగా ఈ రెండు చోట్లే.

ముందు బేస్‌మెంట్ సంగతి. మొదటి బిల్లు పడాలంటే ముందు పునాది తవ్వాలి, రాయి తోలించాలి, మేస్త్రికి అడ్వాన్సు ఇవ్వాలి. అంటే చేతిలో ఎంతో కొంత ఉన్నవాడే పని మొదలుపెడతాడు. ఏమీ లేనివాడు మంజూరు పత్రం బీరువాలో పెట్టుకుని కూర్చుంటాడు, లేదంటే మెడలో ఉన్నది కుదువ పెడతాడు. అందరికంటే పేదవాడి కోసం పెట్టిన పథకం, అందరికంటే పేదవాడినే గడప దగ్గర ఆపేస్తోంది. తెలంగాణ ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. ఇందిరమ్మ ఇళ్లు మంజూరై పని మొదలుపెట్టలేని వాళ్లకు మహిళా సంఘాల ద్వారా లక్ష రూపాయల దాకా అప్పు ఇప్పించే ఏర్పాటు చేసింది. మంచిదే. కానీ అప్పు అప్పే. మొదటి లక్షలో సగమైనా ముగ్గు పోసిన రోజే ఖాతాలో వేస్తే ఆ అప్పు అంత అవసరం ఉండదు. దుర్వినియోగమవుతుందన్న భయం ఉంటే, ఆ సగాన్ని సిమెంటు రూపంలో ఇవ్వొచ్చు.

ఇక గ్రామాల్లో కేంద్రం ఇచ్చే సాయం 2016లో ఎంతో ఇప్పుడూ అంతే. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1.20 లక్షలు, అందులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. సిమెంటు బస్తా ధర, ఇనుము ధర, మేస్త్రి కూలి ఇన్నేళ్లలో ఎంత పెరిగాయో ఇల్లు కట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. పట్టణ పథకంలో కేంద్రం వాటా ఇంటికి 1.50 లక్షలు. ఈ తేడాను ఆంధ్రప్రదేశ్ తెలివిగా వాడుకుంది. పట్టణాభివృద్ధి సంస్థల పరిధులు విస్తరించి, వేలాది గ్రామాలను పట్టణ పథకం కిందికి తెచ్చింది. పట్టణ ఆవాస్ యోజనలో దేశంలోనే ఎక్కువ ఇళ్లు ఆంధ్రకు మంజూరు కావడం వెనుక ఉన్న కిటుకు ఇదే. దీన్ని తప్పుపట్టలేం. పల్లెలో ఇటుక పట్నంలో ఇటుక కంటే చవకగా దొరుకుతుందని ఢిల్లీలో ఎవరు అనుకున్నారో వాళ్లనే అడగాలి.

డబ్బు తెచ్చుకున్నంత తెలివిగా స్థలం ఎంచుకోలేదు. ఆంధ్రలో 2020 డిసెంబర్ 25న మొదలైన ఇళ్ల స్థలాల కార్యక్రమంలో 30 లక్షలకు పైగా పట్టాలిచ్చారు. పట్టణాల్లో సెంటు, గ్రామాల్లో సెంటున్నర. సెంటంటే 48.4 గజాలు. అంత చిన్న జాగా ఊరి మధ్యలో ఉంటే బతుకు సాగుతుంది. ఇరానీ చాయ్ కొట్టు వెనక రెండు గదుల్లో కాపురం చేసినవాళ్లు మన పట్నాల్లో కోకొల్లలు. కానీ ఆ సెంటు ఊరికి దూరంగా, బస్సు రాని చోట ఉంటే? విశాఖ నగరవాసులకు సబ్బవరం, ఆనందపురం, పద్మనాభం మండలాల్లో చూపించారు. రాజమహేంద్రవరం వాళ్ల కోసం బూరుగుపూడి ఆవ భూములు తీసుకున్నారు. ఆవ అంటే వాన పడితే నీళ్లు నిలిచే పల్లం అని ఆ చుట్టుపక్కల పిల్లలకు కూడా తెలుసు. అది కోర్టుకెక్కింది. ఇప్పటి ప్రభుత్వం పట్టణాల్లో రెండు సెంట్లు, గ్రామాల్లో మూడు సెంట్లు అంటోంది. అంతకంతకూ ఎక్కువ భూమి కావాలంటే ఇంకా దూరం పోవాలి. ఈ లెక్క ఎవరైనా వేశారా అన్నది నాకు అనుమానమే.

హైదరాబాద్‌లో రెండు కాలనీలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా తేటగా అర్థమవుతుంది. సికింద్రాబాద్‌లోని ఐడీహెచ్ కాలనీ డబుల్ బెడ్రూం పథకంలో మొదటిది. 2015 నవంబర్‌లో 396 ఇళ్లు ఇచ్చారు. బస్తీ ఉన్నచోటే, ఆ బస్తీ వాళ్లకే కట్టారు. బడి మారలేదు, పనికెళ్లే ఇళ్లు మారలేదు, ఉద్దెర ఇచ్చే కిరాణా కొట్టు మారలేదు. రెండోది కొల్లూరు. 2023 జూన్‌లో ప్రారంభించారు. ఒకే చోట 15,660 ఇళ్లు. తొమ్మిది, పది, పదకొండు అంతస్తుల బ్లాకులు, రోడ్లు, నీళ్లు, మురుగు శుద్ధి కేంద్రం అన్నీ ఉన్నాయి. కట్టడం వరకు చూస్తే ఇలాంటిది దేశంలో చాలా రాష్ట్రాలు చేయలేదు. లబ్ధిదారు ఒక్క రూపాయి కట్టలేదు కూడా. కానీ కొల్లూరు ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర, సంగారెడ్డి జిల్లాలో ఉంది. పాతబస్తీ నుంచి ముప్పై కిలోమీటర్లకు పైనే. లాటరీలో అక్కడ ఇల్లు వచ్చిన మనిషి చార్మినార్ దగ్గర బండి మీద గాజులమ్ముకునేవాడైతే పొద్దున ఎన్ని గంటలకు బయల్దేరాలి? రాత్రి ఎన్నింటికి చేరాలి? తర్వాత ఎవరో అద్దెకిచ్చారని, ఎవరో తాళమేసుకుని పోయారని అధికారులు తనిఖీలు చేస్తారు, నోటీసులిస్తారు. తాళం వేసినవాడిని మోసగాడిగా చూడటం సులువు. అక్కడ ఎందుకు ఉండలేకపోయాడో అడిగేవాళ్లు తక్కువ.

ఇది మన దగ్గరే పుట్టిన సమస్య కాదు. అహ్మదాబాద్‌లో బీడీ కార్మిక మహిళలకు లాటరీ ద్వారా నగరం నుంచి 12 కిలోమీటర్ల దూరంలో ఇళ్లు ఇచ్చారు. పద్నాలుగేళ్ల తర్వాత పరిశోధకులు వెళ్లి చూస్తే, ఇల్లు వచ్చినవాళ్లలో 34 శాతం అసలు చేరనే లేదు. చేరాక మళ్లీ ఖాళీ చేసి పోయినవాళ్లు 32 శాతం. ఉన్నవాళ్ల ఇళ్లు మెరుగయ్యాయి గానీ, లాటరీలో ఓడిపోయినవాళ్లతో పోలిస్తే సంపాదనా పెరగలేదు, పిల్లల భవిష్యత్తూ మారలేదు. పైగా కష్టకాలంలో ఆదుకునే బంధువులు, కులం వాళ్లు దూరమయ్యారు. పన్నెండు కిలోమీటర్లకే అలా అయింది.

ఉన్నచోటే కట్టడం కష్టమే. రెండేళ్లు బస్తీని ఖాళీ చేయించాలి, ఈలోగా అద్దె భరించాలి, వెనక్కి తెస్తారన్న నమ్మకం కలిగించాలి. భూమి విలువ చూసి కన్నేసినవాళ్లను ఆపాలి. ఊరి బయట ప్రభుత్వ భూమిలో వంద ఎకరాలు చదును చేసి కాంట్రాక్టరుకు అప్పగించడం దానికంటే సుఖం. అందుకే ఐడీహెచ్ తరహా ఇళ్లు తక్కువ, కొల్లూరు తరహావి చాలా ఎక్కువ.

మధ్యలో ప్రభుత్వాలు మారతాయి. ఆంధ్రలో టిడ్కో అనే ప్రభుత్వ సంస్థ పట్టణ పేదలకు కట్టిన ఇళ్ల కథ దీనికి మంచి ఉదాహరణ, మంచి అన్న మాట ఇక్కడ వాడొచ్చో లేదో గానీ. 300, 365, 430 చదరపు అడుగులు అని మూడు రకాలు పెట్టారు. 2019లో ప్రభుత్వం మారాక పని పెద్దగా జరగని వాటిని పక్కనపెట్టి సంఖ్యను 2.62 లక్షలకు కుదించారు. అందులో 300 అడుగుల ఇళ్లు 1.43 లక్షలు, వాటిని ఒక్క రూపాయికే ఇస్తామన్నారు. పెద్ద ఇళ్ల వాళ్లు కట్టాల్సిన ముందస్తు వాటాను సగం చేశారు. వినడానికి బాగానే ఉంది. కానీ 365 అడుగుల వాళ్ల పేరు మీద 3.15 లక్షలు, 430 అడుగుల వాళ్ల పేరు మీద 3.65 లక్షల బ్యాంకు అప్పు అలాగే ఉంది. ఇల్లు చేతికి రాకముందే కిస్తీల నోటీసులు వచ్చినవాళ్లున్నారు. ఇటు అద్దె, అటు ఈఎంఐ. కట్టలేక ఎగ్గొట్టినట్టయితే రేపు డ్వాక్రా లోనుకు కూడా సిబిల్ స్కోరు అడ్డం. ఈ టెన్షన్‌కు ఏ ప్రభుత్వ లెక్కల్లోనూ పద్దు లేదు. తెలంగాణలోనూ తీరు వేరుగా లేదు. సొంత జాగా ఉన్నవాళ్లకు 3 లక్షలంటూ 2023లో వచ్చిన గృహలక్ష్మి, ప్రభుత్వం మారగానే రద్దయింది. అంతకుముందు 2007 నాటి రాజీవ్ స్వగృహ ఫ్లాట్లు బండ్లగూడలో, పోచారంలో ఏళ్ల తరబడి ఎండావానల్లో నిలబడి, చివరికి 2022లో లాటరీలో అమ్ముడయ్యాయి. పథకం పేరు మార్చుకోండి, రంగులు మార్చుకోండి. లబ్ధిదారు పేరు మీద అప్పు పుట్టిన ఇంటిని మాత్రం ఆపకూడదని చట్టమే చేయాలి.

ఇప్పుడు తాళాలు చేతికొచ్చాక సంగతి. టిడ్కో బ్లాకులు జి ప్లస్ త్రీ, లిఫ్టుల్లేవు. కొల్లూరులో లిఫ్టులున్నాయి, వాటికి కరెంటు బిల్లుంది. లిఫ్టు చెడితే తొమ్మిదో అంతస్తులోని డయాలసిస్ రోగి కిందికెలా రావాలి? దుకాణాల అద్దెలతో మెయింటెనెన్స్ నడవాలన్నది తెలంగాణ ఆలోచన. కానీ కాలనీలో జనం చేరకపోతే దుకాణం ఎవరు తెరుస్తారు? దుకాణాలు, బస్సు లేకపోతే జనం ఎందుకు చేరతారు? ఈ పీటముడి విప్పడానికి మొదటి మూడు నాలుగేళ్లు ప్రభుత్వమే నిర్వహణ ఖర్చు పెట్టుకోవాలి. ఇదేం కొత్త సూత్రం కాదు. పట్టణాల్లో నిరాశ్రయుల షెల్టర్లకు జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కట్టడంతో పాటు ఐదేళ్ల నిర్వహణకూ డబ్బిచ్చింది. ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషికి వర్తించిన తర్కం, పదిహేను వేల కుటుంబాల కాలనీకి ఎందుకు వర్తించలేదో తెలియదు.

నాలుగు గోడలతో పాటు తోడు కూడా కావాల్సినవాళ్లను మన పథకాలు దాదాపు మర్చిపోయాయి. ఒంటరి వృద్ధులు, వికలాంగులు, మానసిక రోగం నుంచి కోలుకున్నవాళ్లు. అపార్టుమెంట్లలో వీళ్లకు కింది అంతస్తులు ఇవ్వాలని ఆవాస్ యోజన మార్గదర్శకాల్లో ఉంది, అంతటితో సరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకా ముందుకెళ్లి, సమాజం మధ్య బతకడానికి ఆసరా ఉన్న వసతి కల్పించడం ప్రభుత్వ బాధ్యత అంది. అయినా ఎర్రగడ్డలో, విశాఖలో కోలుకున్నాక కూడా తీసుకెళ్లేవాళ్లు లేక ఆస్పత్రిలోనే ఉండిపోయినవాళ్లున్నారు. తమిళనాడులో ది బన్యన్ అనే సంస్థ ఇలాంటివాళ్లను నలుగురైదుగురు చొప్పున మామూలు వీధుల్లో అద్దె ఇళ్లలో ఉంచి, సాయానికి ఒక మనిషిని పెట్టి నడిపిస్తోంది. పెద్ద భవనం అక్కర్లేదు. అద్దె, జీతం కావాలి. మన పద్దుల్లో సిమెంటుకు డబ్బుంది, జీతానికి లేదు.

అద్దె మాట వచ్చింది కాబట్టి ఇంకో లెక్క. 2012లో కేంద్రం నియమించిన సాంకేతిక బృందం పట్టణాల్లో ఇళ్ల కొరత 1.88 కోట్లని తేల్చింది. అందులో అసలు గూడే లేనివాళ్లు 5.3 లక్షలు. దాదాపు 1.5 కోట్ల కుటుంబాలది ఇరుకు సమస్య, ఒకే గదిలో రెండు కాపురాలు. అదే కాలంలో జనాభా లెక్కలు పట్టణాల్లో కోటీ పది లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయని చెప్పాయి. అంటే సమస్య సగం ఇళ్లు లేకపోవడం, సగం ఉన్న ఇళ్లు అందకపోవడం. శ్రీకాకుళం నుంచి విశాఖకో, పాలమూరు నుంచి హైదరాబాద్‌కో వచ్చిన కూలీకి ఆ నగరంలో రేషన్ కార్డుండదు, పట్టా రాదు. అతనికి కావాల్సింది పని దగ్గర భరించగలిగే అద్దెకో గది. 2020లో కేంద్రం అద్దె ఇళ్ల పథకం పెట్టి, పాత పథకాల్లో ఖాళీగా పడున్న 83 వేలకు పైగా ఇళ్లను అద్దెకివ్వమంది. దేశమంతా కలిపి మారినవి 5,600 పైచిలుకు. సొంత ఇంటి పట్టాకు ఉన్న ఓటు విలువ అద్దె గదికి లేదు, అసలు కారణం అదేనని నా అనుమానం.

2024లో మొదలైన ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో అద్దె ఇళ్లను విడి విభాగంగా పెట్టారు. కొత్త సాంకేతికతతో కడితే కేంద్రం చదరపు మీటరుకు 3,000, రాష్ట్రం 2,000 ఇవ్వాలి. రెండు రాష్ట్రాలకూ దీన్ని వాడుకునే వీలుంది. విజయవాడ, విశాఖ, హైదరాబాద్, వరంగల్‌లలో బస్టాండుకు, ఆస్పత్రికి నడిచి వెళ్లే దూరంలో మున్సిపాలిటీల చేతిలో పాత క్వార్టర్లు, వాడని ఆఫీసు స్థలాలు ఉన్నాయి. వాటి జాబితా బయటపెట్టి, ఒక్కో నగరంలో ఒక్కో చోట వెయ్యి అద్దె గదులతో మొదలుపెట్టొచ్చు. వాటిని వేలం వేసి ఖజానా నింపుకుందామన్న ఒత్తిడి ఆర్థిక శాఖ నుంచి ఎలాగూ వస్తుంది. ఊరి బయట కాలనీకి తర్వాత వేయాల్సిన రోడ్డు, పైపులైను, బస్సు నష్టం, ఖాళీ ఫ్లాట్ల నిర్వహణ కలిపి లెక్కేసి ఆ ఫైలుకు జత చేస్తే, ఏది చవకో ఆర్థిక శాఖే తేల్చుకుంటుంది.