ఆ పిట్టను పట్టుకోకండి

వారం రోజులుగా చెన్నైలో వేళచ్చేరి, పెరుంగుడి వైపు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ఫోటో తిరుగుతోంది. బురదలో చిన్న పిట్ట, దాని కాలికి ఏదో రంగు బిళ్ల. కింద ఇలా రాసి ఉంది: "పళ్లికరణైలో చైనా గూఢచారి పిట్ట. కాలికి చిప్పు, కెమెరా బిగించారు. ఆ బరువుకు పాపం కాలు పుచ్చిపోతుంది. కనిపిస్తే పట్టుకుని పోలీసులకు అప్పగించండి." మా మూడో అంతస్తు బాబాయిగారు కూడా పంపి, "నిజమేనా అమ్మా?" అని అడిగారు.

కాదు బాబాయిగారూ.

ముందు చిప్పు సంగతి. చలికాలంలో పళ్లికరణై లాంటి మన చిత్తడి నేలలకు వచ్చే ఉల్లంకి జాతి పిట్టల్లో లిటిల్ స్టింట్ బరువు పాతిక గ్రాములు, కాస్త అటూ ఇటూ. అంటే సగం ఇడ్లీ! ఎక్కడికి వలస పోతుందో తెలుసుకోవడానికి పరిశోధకులు అలాంటి పిట్ట కాలికి వేసేది నంబరు చెక్కిన లోహపు కడియం, దూరం నుంచి కనబడేలా ఫ్లాగ్ అనే రంగు ప్లాస్టిక్ ముక్క. బ్యాటరీ లేదు, తీగ లేదు. పెద్ద పిట్టలకు ఉపగ్రహ ట్రాన్స్‌మీటర్ పెట్టడం ఉంది, కాదనను. 2022లో అలాంటిది మోస్తూనే గాడ్‌విట్ అనే వలస పిట్ట పిల్ల ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియాకు 11 రోజులు ఎక్కడా వాలకుండా సుమారు 13,560 కి.మీ. ఎగిరింది. ఆ యంత్రం చెప్పేదల్లా పిట్ట ఎక్కడుందో అంతే.

ఇక చైనా. ఫ్లాగ్ రంగును బట్టి పిట్టను ఎక్కడ పట్టి వదిలారో తెలుస్తుంది. తూర్పు ఆసియా, ఆస్ట్రేలియా వలస దారిలో ఏ ప్రాంతానికి ఏ రంగో ముందే పంచుకున్నారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రానిది నారింజ, వాయవ్య ఆస్ట్రేలియాది పసుపు. షాంఘై దగ్గరి చోంగ్‌మింగ్ దీవికి నలుపూ తెలుపూ. కాబట్టి చైనాలో వేసిన ఫ్లాగ్ కూడా ఉంటుంది. కానీ సొంత ఊరి గుర్తు కాలికి కట్టుకుని తిరిగే గూఢచారిని ఎవరైనా చూశారా? మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పిట్టలకు కడియాలు వేసే పని 1927లోనే మొదలుపెట్టింది. ఇదే తమిళనాడులో, కోడిక్కరైలో, వేల పిట్టలకు కడియాలు వేసింది వాళ్లే. ఇలాంటి అనుమానంతోనే 2023లో ముంబైలో ఒక పావురాన్ని పట్టి ఎనిమిది నెలలు బంధించారు. తీరా చూస్తే అది తైవాన్ పందెపు పావురం.

కాలు పుచ్చిపోతుందన్న మాటలో జాలి ఉంది, అందుకని దాన్ని కొట్టిపారేయను. వలలో పడటం పిట్టకు టెన్షనే. అందుకే అనుమతి, శిక్షణ ఉన్నవాళ్లే ఈ పని చేయాలి, కాలి లావుకు తగ్గ కడియమే వేయాలి. 1995లో అర్జెంటీనాలో కడియం వేసిన బీ95 అనే రెడ్ నాట్ పిట్ట 2014లోనూ కనిపించింది. ఆ కాళ్లు అన్నేళ్లూ బాగానే పనిచేశాయి.

అసలు ప్రమాదం ఆ మెసేజ్ ఆఖరి వాక్యంలో ఉంది. అడవి పిట్టను అలా పట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పైగా రంగు ఫ్లాగ్ వేసేదే పిట్టను మళ్లీ పట్టే అవసరం లేకుండా. ఒట్టి లోహపు కడియమైతే నంబరు చదవడానికి పిట్ట చేతికి చిక్కాలి, లేదా చచ్చి దొరకాలి. ఫ్లాగ్ అయితే గట్టు మీద నిలబడి టెలిస్కోపులోనో, మంచి జూమ్ ఉన్న కెమెరాలోనో చదివేయొచ్చు.

కాబట్టి కనిపిస్తే చూడాల్సింది ఇది: ఫ్లాగ్ ఏ కాలికి ఉంది, కాలి మడతకు పైనా కిందా, రెండు రంగులుంటే పైది ఏది, ఫ్లాగ్ మీది అక్షరాలేమిటి. తేదీ, చోటు రాసి బాంబే సొసైటీకి పంపితే చాలు.

మన ఫోటోలో ఆ అక్షరాలు ఉన్నట్టే ఉన్నాయి. ఫార్వర్డ్ అయ్యీ అయ్యీ మసకబారిపోయాయి. అసలు కాపీ ఎవరి దగ్గరుందో వాళ్లు దయచేసి డాక్యుమెంట్‌గా పంపండి.