చక్కెర వెయ్యలేదు, తినండి!

మా ఆఫీసులో ఎవరి పుట్టినరోజు వచ్చినా నాకు ప్రత్యేక మర్యాద జరుగుతుంది. కేకు కోస్తున్న వాళ్లు కత్తి నా వైపు చూపించి "ఆయనకు వద్దండోయ్, షుగరు!" అని హాలంతా వినపడేలా ప్రకటిస్తారు. నా ఆరోగ్యం మీద అంత శ్రద్ధ. ఆ వెంటనే నా కోసం విడిగా తెప్పించిన ప్లేటు వస్తుంది. అందులో నాలుగు షుగర్ ఫ్రీ బిస్కెట్లు, గుప్పెడు బంగాళాదుంప చిప్స్, పక్కన పెద్ద గ్లాసుతో నారింజ రసం. "చుక్క చక్కెర వెయ్యలేదు సార్, నిశ్చింతగా తాగండి!"

తియ్యగా ఉంటే షుగరు, తియ్యగా లేకపోతే షుగరు కాదు. ఇంత సులువైన సిద్ధాంతాన్ని మన పేగులు ఇప్పటికీ ఒప్పుకోకపోవడం విచారకరం. (రసం తియ్యగా ఉంది కదా అని అడక్కండి. పండులోని తీపి మంచి కుటుంబం నుంచి వచ్చిందట.)

చిన్నపేగు గుమ్మం దగ్గర, తిండిని అరిగించే ఓ ఎంజైమ్ కుర్చీ వేసుకుని కూర్చుందనుకోండి. బిస్కెట్ వచ్చి, "నేను షుగర్ ఫ్రీ, కావాలంటే ప్యాకెట్ మీద ఆకుపచ్చ అక్షరాలు చూసుకోండి" అంటుంది. ఎంజైమ్‌కి చదువు రాదు. పిండి కనిపించింది, కోసి గ్లూకోజ్ చేసి లోపలికి తోసింది. తర్వాత ముడి బియ్యం వచ్చి, "నాకు పీచుంది, నేను ఆరోగ్యం కోసం పుట్టాను" అంటూ సిఫార్సు ఉత్తరం తీస్తుంది. "అలాగా, అయితే కాస్త నెమ్మదిగా లోపలికి పో" అని దాన్నీ పంపేసింది. తేనె అయితే వరసలో నిలబడనే లేదు. "నేను సహజం" అని పక్కనుంచి దూరిపోయింది. అందరి వెనకా దోషిలా నిలబడిన చక్కెర మెల్లగా నోరు విప్పింది: "అయ్యా, నాలో గ్లూకోజ్ సగమే, మిగతా సగం ఫ్రక్టోజ్ అనే వేరే తీపి. ఆ బిస్కెట్లోని పిండి మొత్తం గ్లూకోజ్ గొలుసే. మరి నిషేధం నాకొక్కదానికేనా?" పాపం, దాని తరఫున వాదించేవాళ్లే లేరు. నమ్మకపోతే ఉత్త బ్రెడ్ ముక్క నోట్లో వేసుకుని రెండు నిమిషాలు నములుతూ ఉండండి. తియ్యబడుతుంది. లాలాజలం దగ్గరే బండారం బయటపడుతుంది.

మామూలు మనిషి రక్తం మొత్తంలో ఏ క్షణమైనా ఉండే గ్లూకోజ్ సుమారు 5 గ్రాములు, అంటే చెంచాడు. కప్పు అన్నంలో పిండి పదార్థం సుమారు 45 గ్రాములు. లెక్క ఇంతే. అయినా "చక్కెర మానేశాను, అన్నం మామూలే, షుగర్ ఎందుకు తగ్గట్లేదో!" అని ఆశ్చర్యపోయేవాళ్లను రోజూ చూస్తుంటాను.

ఇదేమీ కొత్త సంగతి కాదు. బ్రిటిష్ సైన్యంలో డాక్టరైన జాన్ రోలో 1797 నాటికే ఒక షుగర్ రోగికి ధాన్యాలు మాన్పించి మాంసాహారం పెట్టి, మూత్రంలో చక్కెర తగ్గడం చూశాడు. ఆయన రాసిచ్చింది ముక్కవాసన కొట్టే పాత కొవ్వు మాంసం అనుకోండి, అంతదూరం మనం పోనక్కర్లేదు. 2019లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా, రక్తంలో గ్లూకోజ్ అదుపుకి ఎక్కువ ఆధారాలున్న ఆహార మార్గం పిండి పదార్థాలు తగ్గించడమేనని నివేదికలో రాసింది. మా ఆఫీసుకి ఆ కాపీ అందినట్టు లేదు.

కాకపోతే పిండి తగ్గించి ఇన్సులినో, షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్రో పాత డోసులోనే వేసుకుంటే షుగర్ 70 కిందకి పడిపోయి కళ్లు తిరగొచ్చు. ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. డాక్టర్ అంటే గుర్తొచ్చింది.

నాన్నగారు కాలి పుండుతో ఆసుపత్రిలో ఉన్నారు. పొద్దున్నే ట్రే వచ్చింది, మీద "డయాబెటిక్ డైట్" అని చీటీ. నాలుగు బ్రెడ్ ముక్కలు, గిన్నెడు ఓట్స్ జావ, గ్లాసు పళ్లరసం. బుద్ధిమంతుడిలా అంతా తిన్నారు. రెండు గంటల తర్వాత షుగర్ 312. రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ చీటీ చూసి, "ఏం పెద్దాయనా, దొంగచాటుగా ఏం తిన్నారు? నోరు కట్టుకోలేరా?" అన్నాడు, అందరి ముందూ.

పదకొండేళ్లుగా స్వీటు ముట్టని మనిషి. నిజంగానే ఏదైనా తిన్నానేమోనని గుర్తు చేసుకుంటూ తల దించుకున్నారు. డాక్టరుగారూ, ట్రే మీ ఆసుపత్రిదే, బ్రెడ్ మీదే, జావా మీదే. ఆ 312 మీరు వండి వడ్డించిన అంకె. సిగ్గుపడాల్సింది ఆయనా? మర్నాడు బ్రెడ్ బదులు రెండు గుడ్లు ఇమ్మని అడిగితే, "డయాబెటిక్ డైట్‌లో గుడ్డు ఆప్షన్ లేదండీ" అన్నారు. ఇన్సులిన్ పెంచే ఆప్షన్ మాత్రం ఉంది. పెంచారు.

వచ్చే శుక్రవారం నా పుట్టినరోజు. "మీకోసం స్పెషల్‌గా చక్కెర లేని కేకు ఆర్డరిచ్చాం సార్" అని నిన్ననే చెప్పారు. దేంతో చేస్తారని అడిగాను.

"మైదాయే సార్. కానీ పలుకు చక్కెర ఉండదు."

గ్లూకోమీటర్ స్ట్రిప్పులు ఇంకో డబ్బా తెచ్చిపెట్టుకున్నాను.