కెపాసిటర్ ఫైలుకు బహిరంగ లేఖ

విషయం: సీలింగ్ ఫ్యానుకు 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ మార్పిడి – తమరి చలనంపై శాస్త్రీయ పరిశీలన – గురించి.
సూచిక: తమరి నోట్ ఫైలు, 1 నుంచి 14 పేజీలు.

ఫైలు గారికి,

వేగం పెరిగేకొద్దీ ద్రవ్యరాశి పెరుగుతుందని పాత ఫిజిక్సు పుస్తకాల్లో ఉండేది. తమరి దగ్గర అది తలకిందులు. కదలకుండా ఎన్నాళ్లు కూర్చుంటే అంత బరువెక్కుతారు. పుట్టినప్పుడు తమరు ఒక్క కాగితం: ‘ఫ్యాను మూలుగుతోంది, తిరగడం లేదు.’ ఇన్‌వర్డ్ నంబరు పడగానే అట్ట, ట్యాగు వచ్చాయి. ఆనక మూడు కొటేషన్లు, వాటికో కంపేరిటివ్ స్టేట్‌మెంటు, పాత కెపాసిటర్ పనికిరాదని ధ్రువపత్రం, స్టాక్ రిజిస్టర్ నకలు. ఇంతా చేసి అది ఎలక్ట్రీషియన్ పది నిమిషాల్లో బిగించేసే చిన్న డబ్బా.

తమరు నడిచేది సిరీస్ సర్క్యూట్. జూనియర్ అసిస్టెంటు, సూపరింటెండెంటు, ఏవో (పరిపాలనాధికారి) గారు, అకౌంట్స్, మళ్లీ ఏవో గారు. సిరీస్‌లో నిరోధాలన్నీ కలుస్తాయి. ఒక్కరు క్యాంపుకెళ్లినా కరెంటు ఆగినట్టే. ఇన్‌ఛార్జిగా వచ్చినాయన ‘నాకీ సబ్జెక్టు కొత్త’ అంటాడు. అందరికీ ఒకేసారి ప్యారలల్‌గా పంపితే నిరోధం తగ్గుతుందని పదో తరగతి పిల్లాడికీ తెలుసు. కానీ రేపు ఆడిట్ అభ్యంతరం వస్తే, చాటున నిలబడడానికి పక్కవాడి సంతకం ముందే ఉండాలి కదా! బాధ్యతను సంతకాల సంఖ్యతో భాగించడానికే ఈ వైరింగు. 14వ పేజీకి వచ్చేసరికి తలా వాటా సున్నాకు చేరువ.

పైఅధికారి బల్లెక్కాక తమరి స్థితిజశక్తి గరిష్ఠం. ‘ప్లీజ్ స్పీక్’ అని మార్జిన్‌లో పడిందా, మొత్తం జారి సెక్షన్‌లో పడతారు. మాట్లాడుకోవాల్సిన ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక చెక్క పార్టిషన్.

ఫైళ్లను కంప్యూటర్‌లో నడిపే ఈ-ఆఫీస్ వచ్చి అట్ట, ట్యాగు పోయాయి, బరువు పోలేదు. పసుపు నోట్ దిద్దుకోవచ్చు, పచ్చ నోట్ ఎక్కితే చెరగదు. అందుకే తెలివైనవాళ్లంతా పసుపులోనే కాపురం ఉంటారు. డిజిటల్ సంతకం డోంగిల్‌కు గడువు తీరితే రెన్యువల్‌కు మరో ఫైలు. తమరికి సంతాన ప్రాప్తి.

1911లో డచ్ శాస్త్రవేత్త కామర్లింగ్ ఆన్స్ పాదరసాన్ని దాదాపు 4.2 కెల్విన్‌కు చల్లబరిస్తే నిరోధం మాయమైంది. మనకంత చలి అక్కర్లేదు, మార్చి 31 చాలు. బడ్జెట్ మురిగిపోతుందనగానే నెలలుగా కదలని తమరు సాయంత్రంలోగా అన్ని బల్లలూ దాటి ట్రెజరీలో తేలతారు. దారిలో ఎవరూ అడగని రెండు స్టీలు బీరువాలు కూడా శాంక్షన్ అవుతాయి.

ఏప్రిల్‌లో ఫ్యాను ఇంకా మూలుగుతూనే ఉంది. బిల్లు పాసైంది, కెపాసిటర్ వచ్చింది, స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కింది. స్టోరు బీరువాలోంచి బయటికి తీయాలంటే ఇండెంటు (సరుకు కావాలని కోరే పత్రం) పెట్టాలట. దానికి నోట్ పుటప్ చేస్తున్నారు.

ఇట్లు,
ఫ్యాను కింది సీటు సిబ్బంది

ప్రతులు: పేషీకి; స్టాక్ ఫైలు; స్పేరు.