సైబర్ అవగాహన సదస్సు గారికి, పర్లాకిమిడి నుంచి

గౌరవనీయులైన అవగాహన సదస్సు గారికి,

మొన్న మా పిల్లల బడికి దయచేశారు. జ్యోతి ప్రజ్వలన, బొకేలు, శాలువాలు అన్నీ ఘనంగా జరిగాయి. ఫ్లెక్సీలో అతిథుల ముఖాలు పైన, 1930 హెల్ప్‌లైన్ నెంబరు అట్టడుగున. ముందు వరస కుర్చీలు దాన్ని పూర్తిగా కప్పేశాయి. డబ్బు పోయిన వెంటనే చేయాల్సిన ఫోన్ అదే. ఆలస్యమైతే సొమ్ము ఖాతాలు మారిపోతుంది. ఆ సంగతి చెప్పేలోపు శాలువాల వేళయింది.

గుమ్మం దగ్గరే ఒక ముచ్చట జరిగింది. లోపలికి రావాలంటే పేరు నమోదు చేయించుకోవాలట. ఫోన్‌కి ఓటీపీ వచ్చింది. బల్ల దగ్గర కుర్రాడు "తొందరగా చెప్పండి ఆంటీ" అన్నాడు. లైన్లో తల్లులందరూ ఒకరి తర్వాత ఒకరు గట్టిగా చదివి వినిపించారు. ఆధార్ జిరాక్సులు కూడా పుచ్చుకున్నారు. లోపల మొదటి స్లైడు: ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

ఆ తల్లుల్ని అనడానికేం లేదు. గ్యాస్ బండ తెచ్చినవాడు కోడ్ అడుగుతాడు, సిమ్ కొన్నచోట అడుగుతారు, స్కాలర్‌షిప్ ఫారం నింపేచోట అడుగుతారు. అడిగినవాడికల్లా చెప్పడం అందరూ కలిసి అలవాటు చేశారు. దుక్కి దున్నింది మీరు, పంట కోసుకుపోయేది దొంగ.

ఇక భాష. స్లైడ్లు ఇంగ్లీషులో, ప్రసంగం సగం హిందీ, సగం ఒడియా. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడిన ఊరండీ ఇది! 1936లో ఊరు ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు, మేం ఇక్కడే ఉండిపోయాం. మా అత్తగారికి బజారు ఒడియా వచ్చు, సర్కారు ఒడియా రాదు. గంట ప్రసంగంలో ఆవిడ చెవిన పడింది "డిజిటల్ అరెస్ట్" ఒక్కటే. పోలీసులమని చెప్పి ఫోన్లోనే అరెస్టు చేశామని బెదిరించి డబ్బు గుంజే మోసం అది. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదన్న ముక్క హిందీలో కొట్టుకుపోయింది. అప్పట్నుంచి ఫోన్ మోగితే చాలు, ఆవిడకి టెన్షన్. దొంగ మాత్రం "అమ్మా, భోజనమయిందా" అని అచ్చ తెలుగులో పలకరిస్తాడు, ఎంతసేపైనా ఓపిగ్గా మాట్లాడతాడు. "పిన్ను కొట్టేది డబ్బు పంపడానికే గానీ పుచ్చుకోడానికి కాదత్తా" అని మా తోటికోడలు వంటింట్లో చెప్పింది. ఆవిడకు ఎక్కిన పాఠం అదొక్కటే. తోటికోడలికి శాలువా కప్పినవాళ్లు లేరు.

బడి భద్రత గురించీ సెలవిచ్చారు, కెమెరాలు చూపించారు. గేటు దగ్గర స్టూలు మీద రిజిస్టరు చూశారా? ఏ పిల్లాడు, ఏ తరగతి, తీసుకెళ్లేదెవరు, ఫోన్ నెంబరేంటి, అన్నీ అందులోనే, దారం కట్టిన పెన్నుతో సహా. "మీ బాబు పోలీసుల దగ్గరున్నాడు, డబ్బు పంపండి" అని బెదిరించేవాడికి ఇంకేం కావాలి?

సర్టిఫికెట్ కోసమని లింకు పంపారు. తెలియని లింకు నొక్కొద్దని తమరే అన్నారు కదా, నొక్కలేదు. నిన్న ఎవరో ఫోన్ చేసి, ఈరోజే నొక్కకపోతే రద్దయిపోతుందని కోప్పడ్డారు. ఆ గొంతు మీదో దొంగలదో తేల్చుకోలేక ఫోన్ పెట్టేశాను.

ఇట్లు,
నాలుగో తరగతి పిల్లాడి తల్లి