మెస్సు యజమానిపై అభియోగపత్రం

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లో, కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్లకూ నడుమ ఇరుక్కున్న ఒకానొక చిన్న మెస్సు తీరు చూస్తే, హోటల్ పరిశ్రమ మేలు కోరేవారు ఎవరైనా కలవరపడక తప్పదు. తినేవాళ్లకు ఏం కావాలో అడిగి తెలుసుకుని, అదే వండి పెట్టే విపరీత ధోరణికి దాని యజమాని ఏళ్ల తరబడి, ఏ జంకూ లేకుండా పాల్పడుతున్నాడు.

ఉదయం ఏడింటికి జావా క్లాసున్న కుర్రాడికి అక్కడ ఆరున్నరకే వేడి ఇడ్లీ దొరుకుతుంది. తొమ్మిదింటికి తలుపు ఓరగా తీసి "ఇంకా టైముంది సార్" అని చెప్పే ఘనమైన సంప్రదాయం ఏమైపోవాలి? కర్నూలు పిల్లలు అడిగారని ఉగ్గాని బజ్జీ, భీమవరం వాళ్లు గొణిగారని పెసరట్టులోకి అల్లం పచ్చడి, వరంగల్ వాళ్ల కోసం ఎండాకాలం పచ్చిపులుసు పెడుతున్నారు. 2014 విభజన చట్టం ఇప్పటికీ పూర్తిగా తేల్చలేకపోయిన పంపకాలను ఒక పొయ్యి దగ్గర తేల్చేయడం చట్టసభలను చిన్నబుచ్చడమే.

కార్తీకం వచ్చిందంటే వ్యవహారం మరీ శ్రుతి మించుతుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకు ఉల్లి, వెల్లుల్లి తగలని కూరను విడిగా వండి, గిన్నె మూత మీద సుద్దముక్కతో 'స్వాములకు' అని రాసి, గరిటె సైతం వేరుగా పెడతారు. నిన్నటిదాకా "ఏరా, బాకీ ఎప్పుడిస్తావ్?" అన్న యజమానే అదే కుర్రాడితో "స్వామీ, ఇంకాస్త పప్పు వెయ్యమంటారా?" అంటాడు. బాకీ మాత్రం నోటుపుస్తకంలో అలాగే ఉంటుంది. ఉద్యోగం వచ్చాక తీర్చవచ్చునట. బ్యాంకులు ఇలాంటి హామీ మీద అప్పులిస్తాయా?

సర్వీస్ చార్జీని బిల్లులో దానంతటదే కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో చెప్పగా, రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెక్కి ఎంతో శ్రమపడ్డాయి; 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఈ మెస్సువాడికి ఆ పోరాటంతో సంబంధమే లేదు, ఎందుకంటే బిల్లు అన్నదే లేదు. తోటి వ్యాపారుల కష్టంలో పాలుపంచుకోనివాణ్ణి ఏమనాలి?

కాబట్టి లేని వంటకాలతో ఎనిమిది పేజీల మెనూ, సాంబారు గడ్డకట్టేంత ఏసీ, 'ఒక ప్లేటు ఇద్దరికి ఇవ్వబడదు' అన్న బోర్డు అతడు వెంటనే ఏర్పాటు చేయాలని మనవి. అంతవరకు మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక వెళ్లేవాళ్లు, కుర్చీ ఎలాగూ దొరకదు గనుక, మెట్ల మీద నిలబడే తినవలసి ఉంటుంది.